సొంత రాష్ట్రంలోనా, పొరుగు రాష్ట్రంలోనా? ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఎంపికపై శ్రీకాకుళం కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన నాటి నుంచి కౌన్సెలింగ్ ముగిసే దాకా, ఇచ్ఛాపురం మొదలు రణస్థలం వరకు చాలా ఇళ్లలో ఒకే చర్చ నడుస్తుంది. బిడ్డను ఎచ్చెర్లలోనో విశాఖపట్నంలోనో చేర్పించాలా, లేక భువనేశ్వర్, హైదరాబాద్, ఢిల్లీ వంటి చోటికి పంపాలా అన్నదే ఆ చర్చ. ఇందులో ఫీజు గురించి ఎక్కువగా, అర్హతల గురించి తక్కువగా మాట్లాడుకోవడం చూసి ఈ సమాధానాలు రాయవలసి వచ్చింది. ప్రైవేటు, డీమ్డ్ విశ్వవిద్యాలయాల ఎంపికకు లెక్కలు వేరు కనుక వాటి ప్రస్తావన ఇక్కడ లేదు.

ప్రశ్న: ఇతర రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయం అంటే ఏది? హైదరాబాద్‌లో ఉన్నవన్నీ తెలంగాణవేనా?

కావు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మన ముందున్న ప్రభుత్వ సంస్థలు మూడు రకాలు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలో 2022 నుంచి స్వతంత్రంగా నడుస్తున్న జేఎన్‌టీయూ గురజాడ వంటివి మన రాష్ట్రానివి. బరంపురం విశ్వవిద్యాలయం, భువనేశ్వర్‌లోని ఉత్కళ విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని ఉస్మానియా వంటివి ఇతర రాష్ట్రాలవి. మూడో రకం కేంద్రానివి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం, ఢిల్లీ విశ్వవిద్యాలయం, ఐఐటీలు, ఎన్‌ఐటీలు ఈ కోవలోకి వస్తాయి.

కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏ ఊళ్లో ఉన్నా ఆ రాష్ట్రపు పిల్లలదని అనుకోవడం పొరపాటు. గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో శ్రీకాకుళం విద్యార్థి ఎంతో, వరంగల్ విద్యార్థీ అంతే. ఇదే సూత్రం మన పక్కనా పనిచేస్తుంది. విజయనగరంలో 2019లో ఏర్పడిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మన ఇంటికి దగ్గరే అయినా, అక్కడి సీట్లకు దేశమంతటి నుంచి పోటీ ఉంటుంది. అందువల్ల ఒక సంస్థ పేరు చెప్పగానే అది ఎంత దూరమని అడిగే ముందు, అది ఎవరిదని అడగడం మంచిది.

ప్రశ్న: బయటి రాష్ట్రం విద్యార్థికి ఫీజు రెండు మూడు రెట్లు ఉంటుందని విన్నాం. నిజమేనా?

అది ప్రధానంగా అమెరికా సంగతి. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు రాష్ట్ర ప్రజల పన్నులతో నడుస్తాయి కాబట్టి ఆ రాష్ట్రవాసులకు ఒక ఫీజు, బయటివారికి అంతకంటే బాగా ఎక్కువ ఫీజు వసూలు చేస్తాయి. మన దేశం నుంచి విద్యార్థి వీసాపై వెళ్లేవారు సాధారణంగా ఆ ఎక్కువ ఫీజే కడతారు. అక్కడ స్థిరపడిన బంధువులు ఫోనులో చెప్పే లెక్కలు ఇక్కడికి తెచ్చి అన్వయించడం వల్ల అనవసరమైన భయం పుడుతోంది. మన దేశంలో కేంద్రీయ సంస్థలు రాష్ట్రాన్ని బట్టి ఫీజు మార్చవు. కొన్ని రాష్ట్ర విశ్వవిద్యాలయాలు బయటివారి నుంచి కొంత అదనంగా తీసుకుంటాయి, అది ప్రవేశ ప్రకటనలోనే ఉంటుంది. మన దగ్గర రాష్ట్ర సరిహద్దు అసలు ప్రభావం చూపేది ఫీజు రసీదు మీద కాదు. సీటు వచ్చే అవకాశం, రిజర్వేషన్, ఫీజు రీయింబర్స్‌మెంట్ అనే మూడింటి మీద అది ప్రభావం చూపుతుంది. కింది సమాధానాల్లో ఎక్కువ భాగం ఆ మూడింటి గురించే.

ప్రశ్న: లోకల్, నాన్‌లోకల్ అన్నది ఎలా నిర్ణయిస్తారు?

రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు దీనికి ఆధారం. ప్రవేశాల కోసం ఆ ఉత్తర్వు రాష్ట్రాన్ని విశ్వవిద్యాలయ ప్రాంతాలుగా విభజించింది. శ్రీకాకుళం, విజయనగరం ఉమ్మడి జిల్లాలు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి, రాయలసీమ, నెల్లూరు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వచ్చాయి. సీట్లలో 85 శాతం ఆ ప్రాంతపు స్థానిక అభ్యర్థులకు, మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడుగా ఉంటాయి. ఆ 15 శాతంలో స్థానికులు కూడా పోటీపడవచ్చు.

స్థానికత పుట్టిన ఊరిని బట్టో ఆధార్‌లోని చిరునామాను బట్టో రాదు. అర్హత పరీక్ష రాసిన సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండాలన్నది మూల నియమం. ఇంజినీరింగ్, సాధారణ డిగ్రీ ప్రవేశాలకు అర్హత పరీక్ష ఇంటర్మీడియట్ కనుక, తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు అనే నాలుగు మెట్లూ ఇక్కడే ఎక్కిన విద్యార్థికి ఏ చిక్కూ ఉండదు. స్టడీ సర్టిఫికెట్లు సరిగా ఉంటే చాలు.

ప్రశ్న: మా అబ్బాయి పది వరకు టెక్కలిలో చదివి, ఇంటర్ మాత్రం హైదరాబాద్‌లో చదివాడు. అతని పరిస్థితి ఏమిటి?

ఇది మా దృష్టికి తరచుగా వచ్చే చిక్కుల్లో ఒకటి. రాష్ట్రం ఉమ్మడిగా ఉన్నప్పుడు ఇంటర్ హైదరాబాద్‌లో చదవడం రాష్ట్రం లోపలి మార్పే. 2014 విభజన తరువాత అది రాష్ట్రం దాటడం అయింది. పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 95వ సెక్షను పాత ప్రవేశ కోటాలను పదేళ్లపాటు కొనసాగించింది కాబట్టి తేడా వెంటనే కనబడలేదు. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఇప్పుడు వరుస నాలుగేళ్ల గొలుసు తెగిన విద్యార్థి అటు తెలంగాణలోనూ ఇటు ఇక్కడా ప్రశ్నలు ఎదుర్కొనవలసి వస్తుంది.

మూల ఉత్తర్వులో ఇలాంటి వారికోసం ఏడేళ్ల చదువును, నివాసాన్ని లెక్కలోకి తీసుకునే నిబంధనలూ ఉన్నాయి. స్థానికత దక్కకపోయినా, తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉంటే 15 శాతం సీట్లకు పోటీపడే వీలుంది. అయితే ఏ నిబంధన తమకు వర్తిస్తుందో కౌన్సెలింగ్ రోజున తెలుసుకోవడం ఆలస్యమే అవుతుంది. ఆ ఏటి ఈఏపీసెట్ సమాచార పుస్తకంలో స్థానికత భాగాన్ని దరఖాస్తు చేసేటప్పుడే చదివి, ఆరు నుంచి పన్నెండు తరగతుల వరకు స్టడీ సర్టిఫికెట్లు, తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం చేతిలో ఉంచుకోవాలి. ఇంకా పదో తరగతిలోనే ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట చెప్పాలి. ఇంటర్ కోసం రాష్ట్రం దాటించే నిర్ణయం రెండేళ్ల చదువుతో ముగిసిపోదు, తరువాతి ప్రవేశాలన్నిటి మీదా దాని నీడ పడుతుంది.

ప్రశ్న: ఎన్‌ఐటీలకు కూడా ఇదే స్థానికత వర్తిస్తుందా?

లేదు, అక్కడ లెక్క వేరు. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రపు అభ్యర్థులకు ఉంటాయి, కానీ సొంత రాష్ట్రం అంటే పన్నెండో తరగతి ఉత్తీర్ణత పొందిన రాష్ట్రం అని మాత్రమే అర్థం. నివాసం, పుట్టుక, తల్లిదండ్రుల ఊరు ఇవేవీ చూడరు. టెక్కలి కుర్రవాడు హైదరాబాద్‌లో ఇంటర్ పాసైతే తాడేపల్లిగూడెంలోని ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐటీలో అతను ఇతర రాష్ట్రం అభ్యర్థి. ఇచ్ఛాపురం అమ్మాయి బరంపురంలో ప్లస్ టూ చదివితే రూర్కెలా ఎన్‌ఐటీలో ఆమె సొంత రాష్ట్రం అభ్యర్థి అవుతుంది. ఐఐటీల్లో ఇలాంటి రాష్ట్ర కోటా లేదు.

ప్రశ్న: మాకు ఇక్కడ బీసీ, ఎస్టీ ధ్రువపత్రాలు ఉన్నాయి. ఒడిశాలోనో తమిళనాడులోనో అవి చెల్లుతాయా?

ఆ రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో సాధారణంగా చెల్లవు. ఎస్సీ, ఎస్టీ జాబితాలను రాజ్యాంగంలోని 341, 342 అధికరణాల ప్రకారం రాష్ట్రాల వారీగా ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి ఇక్కడి ఎస్టీ ధ్రువపత్రం ఉన్న ఒక విద్యార్థి, తండ్రి ఉద్యోగం వల్ల మహారాష్ట్రకు వెళ్లి ముంబయిలోని వైద్య కళాశాలలో ఆ రిజర్వేషన్ కోరినప్పుడు, ఒక రాష్ట్రపు హోదా మరో రాష్ట్రంలోకి వెంట రాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో తీర్పు చెప్పింది. మెళియాపుట్టి కొండలకు ఇటూ అటూ ఉన్న సవరలు ఒకే భాష మాట్లాడతారు, రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఉన్నారు. అయినా ఇటువైపు తహసీల్దారు ఇచ్చిన కాగితంతో అటువైపు రాష్ట్ర కళాశాలలో రిజర్వేషన్ సీటు అడగడం కుదరదు. కొండకు గీత లేకపోయినా కాగితానికి ఉంది.

కేంద్రీయ సంస్థల్లో ఎస్సీ, ఎస్టీ ధ్రువపత్రాలు ఏ రాష్ట్రం నుంచి వచ్చినా చెల్లుతాయి. బీసీల విషయంలో మాత్రం ఎక్కువ జాగ్రత్త అవసరం. రాష్ట్రం ఇచ్చే బీసీ ఎ, బి, డి వంటి గ్రూపుల ధ్రువపత్రం వేరు, కేంద్ర సంస్థలు అడిగే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణికి చెందరని తెలిపే) ధ్రువపత్రం వేరు. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు, ఉత్తరాంధ్రలో ఈ తేడా వల్ల ఇబ్బంది పడ్డ కుటుంబాలున్నాయి. కాబట్టి జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ జాబితాలో తమ కులం పేరు, ఉపకులం పేరు, ఏవైనా జిల్లాల పరిమితులు ఉంటే అవి కూడా అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. ఓబీసీ ధ్రువపత్రాన్ని, ఆర్థికంగా బలహీన వర్గాల ధ్రువపత్రాన్ని ఆ ఆర్థిక సంవత్సరానికి కొత్తగా తీసుకోవాలి. మార్చిలో తీసుకున్న పత్రాన్ని జూన్ కౌన్సెలింగ్‌లో తిప్పి పంపితే మళ్లీ సచివాలయం చుట్టూ తిరిగే వ్యవధి ఉండదు.

ప్రశ్న: ఫీజు రీయింబర్స్‌మెంట్ వెలుపలి రాష్ట్రంలో వస్తుందా?

ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారుతోంది కానీ దాని స్వభావం ఒక్కటే. అది ప్రధానంగా మన రాష్ట్రంలోని గుర్తింపు పొందిన సంస్థల్లో కన్వీనర్ కోటాలో చేరి, ఆదాయ పరిమితికి లోబడి, హాజరు నిలుపుకున్న విద్యార్థులకు ఉద్దేశించినది. బయటి రాష్ట్రంలో చేరినవారు దీన్ని లెక్కలోంచి తీసేసి కూర్చోవడమే క్షేమం.

దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనం కేంద్ర ప్రాయోజిత పథకం. వ్యయాన్ని కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. విద్యార్థి దేశంలో ఎక్కడ చదివినా సొంత రాష్ట్రమే చెల్లించాలన్నది దాని నియమం. నియమం ఉన్నంత మాత్రాన సొమ్ము దానంతటదే రాదు. చేరబోయే సంస్థ నమోదు, దరఖాస్తు విధానం గురించి జిల్లా సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలో ముందుగానే అడగాలి.

ఇవిగాక, రాష్ట్ర సరిహద్దుతో నిమిత్తం లేని ఉపకార వేతనాలున్నాయి. ఇంటర్ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో నిలిచి, కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షలకు మించని విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వపు సెంట్రల్ సెక్టార్ పథకం కింద డిగ్రీలో మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000 రూపాయలు అందుతాయి. ఐఐటీలు, ఎన్‌ఐటీల్లో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఇతరుల్లో కుటుంబ ఆదాయం లక్షలోపు ఉంటే పూర్తిగా, ఐదు లక్షలలోపు ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ చేస్తారు.

ప్రశ్న: అసలు ఖర్చు ఎలా లెక్కవేసుకోవాలి?

ప్రకటనలో కనిపించే ఫీజును పక్కన పెట్టి, హాస్టల్ సీటు దొరుకుతుందా లేదా అన్నదానితో లెక్క మొదలుపెట్టాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఖర్చును ఫీజు కంటే గది అద్దె ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఒక ఊహాత్మకమైన లెక్క చూద్దాం. దూరపు విశ్వవిద్యాలయంలో ఏడాది ఫీజు 15,000 రూపాయలు, విశాఖపట్నంలో 30,000 అనుకుందాం. ఈ రెండు అంకెలే చూస్తే దూరపుదే చవక. కానీ విశాఖలో హాస్టల్ దొరికి, అక్కడ దొరకక బయట గదికీ భోజనానికీ కలిపి నెలకు 10,000 అయితే, పది నెలలకు లక్ష రూపాయలు. విశాఖ హాస్టల్ మెస్సుకు నెలకు 4,000 చొప్పున 40,000. అంటే 15,000 మిగులుతుందనుకున్న చోట 45,000 అదనంగా పోతోంది, ప్రయాణం ఇంకా కలపనేలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయపు కళాశాలల్లో సొంత హాస్టల్ లేనివి చాలా ఉన్నాయి, ఉన్నవాటిలోనూ గదులు తక్కువ. ఆ ఊరికి పంపదలచినవారు కళాశాల పేరు కంటే ముందు దాని హాస్టల్ వివరాలు చదవాలి.

ప్రయాణం విషయానికి వస్తే, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషను హౌరా, చెన్నై ప్రధాన మార్గంలోనే ఉంది కనుక భువనేశ్వర్, సికింద్రాబాద్ వైపు రాకపోకలు సులువు. ఢిల్లీ వెళ్లేవారు విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పార్వతీపురం, రాయగడ మీదుగా వెళ్లవచ్చు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటుంది. ఉత్తరాది విశ్వవిద్యాలయాల్లో సంక్రాంతికి మనలా వరుస సెలవులు ఉండవన్న సంగతి పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. మొదటి ఏడాది భోగి రోజున హాస్టల్ గదిలో ఒంటరిగా కూర్చున్న పిల్లలు చదువు మానేస్తామని ఫోను చేయడం మేము ఎరుగుదుము.

ప్రశ్న: మాది ఇచ్ఛాపురం. విశాఖపట్నం కంటే బరంపురమే మాకు చాలా దగ్గర. అక్కడ చేర్పిస్తే తప్పేమిటి?

తప్పేమీ లేదు. ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట వారికి వైద్యానికి, వ్యాపారానికి బరంపురం ఎప్పటినుంచో అలవాటైన ఊరే. పాతపట్నం వారికి పర్లాకిమిడి అలాంటిది. అక్కడి శ్రీకృష్ణచంద్ర గజపతి కళాశాల పంతొమ్మిదో శతాబ్దం నాటిది. 1967లో ఏర్పడిన బరంపురం విశ్వవిద్యాలయం కూడా ఇచ్ఛాపురం నుంచి రోజూ వెళ్లిరాగలిగినంత దూరంలోనే ఉంది. హాస్టల్ ఖర్చు మిగలడం చిన్న విషయం కాదు.

అయినా మూడు విషయాలు తూచుకోవాలి. ఒడిశా రాష్ట్ర కోటా సీట్లలో, రిజర్వేషన్లలో మన విద్యార్థికి చోటు పరిమితం. ఇక్కడి ఫీజు రీయింబర్స్‌మెంట్ అక్కడికి రాదు. తరగతిలో అధ్యాపకులు ఇంగ్లీషుతో పాటు ఒడియా కలిపి బోధించే సందర్భాలుంటాయి. సరిహద్దు పిల్లలకు ఒడియా మాట్లాడటం వచ్చినా చదవడం రాకపోవచ్చు.

బరంపురం అనగానే మన వాళ్లు మరచిపోయే సంస్థ ఒకటుంది. 2016లో అక్కడ మొదలైన ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ) కేంద్ర సంస్థ. అక్కడ ప్రవేశం ఐసర్ ఆప్టిట్యూడ్ పరీక్ష ద్వారా జరుగుతుంది, రాష్ట్రాల కోటా ఏమీ లేదు. భౌతిక, రసాయన, జీవ, గణిత శాస్త్రాల్లో పరిశోధన వైపు వెళ్లాలనుకునే పిల్లలకు ఇంత నాణ్యమైన అవకాశం ఇంత దగ్గరలో ఉండటం మన జిల్లా అదృష్టం. ఎంపీసీ చదివిన ప్రతి విద్యార్థినీ ఇంజినీరింగ్‌లోకే తోసే అలవాటు వల్ల దీన్ని మనం వాడుకోవడం లేదు.

ప్రశ్న: ఏ చదువుకు ఇక్కడే ఉండాలి, దేనికి బయటికి వెళ్లాలి?

ఇది అభిప్రాయం మాత్రమే, నియమం కాదు. సాధారణ బీకాం, బీఎస్సీ, బీఏ కోసం, కేవలం బయట చదివాడన్న పేరు కోసం, రీయింబర్స్‌మెంట్ వదులుకుని పొరుగు రాష్ట్రపు మామూలు విశ్వవిద్యాలయానికి వెళ్లడంలో ప్రయోజనం కనబడదు. ఆ డిగ్రీ బరువు ఇక్కడి డిగ్రీ బరువుకు సమానమే. ఇంజినీరింగ్‌లోనూ ఇంతే. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాల, విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ కళాశాల కన్వీనర్ కోటాలో అందుబాటులో ఉండగా, మరో రాష్ట్రపు అదే స్థాయి కళాశాల కోసం నాన్‌లోకల్‌గా పోటీపడటం శ్రమే.

ఎన్‌ఐటీ, ఐఐటీ స్థాయి సంస్థ దొరికితే దూరం ఆలోచించనవసరం లేదు. అలాగే ఇక్కడ లేని చదువు కోసం వెళ్లడం సబబు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని ఐదేళ్ల సమీకృత ఎంఏ, ఎమ్మెస్సీ కోర్సులు, ఢిల్లీలో ఆర్థికశాస్త్రం, చరిత్ర, బనారస్‌లో సంగీతం, లలితకళలు వంటివి ఈ కోవలోనివి. వీటిలో చాలా సీట్లు సీయూఈటీ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా నిండుతాయి. 2022లో మొదలైన ఆ పరీక్షను తెలుగు మాధ్యమంలో కూడా రాయవచ్చు, కానీ తరగతి బోధన తెలుగులో ఉండదన్నది గుర్తుంచుకోవాలి. ఒకసారి ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక సీయూఈటీ సంగతి గుర్తొస్తే లాభం లేదు, దాని దరఖాస్తు గడువు అప్పటికే ముగిసిపోయి ఉంటుంది. మా అనుభవంలో మన జిల్లా పిల్లలు కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు తక్కువగా చేరడానికి ప్రతిభ లోపం కంటే ఈ గడువు తెలియకపోవడమే పెద్ద కారణం.

ప్రశ్న: వైద్యం, వ్యవసాయం సంగతి?

ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాలో, మిగిలినవి రాష్ట్ర కోటాలో ఉంటాయి. శ్రీకాకుళంలో ప్రభుత్వ కళాశాల ఉంది, విజయనగరంలోనూ 2023లో ఒకటి ప్రారంభమైంది కాబట్టి రాష్ట్ర కోటాలో సీటు దక్కగల ర్యాంకు ఉన్నవారు అఖిల భారత కోటాలో ఎక్కడో దూరపు సీటు తీసుకునే ముందు ఆలోచించాలి. చదువు తరువాత కొంతకాలం తప్పనిసరిగా పనిచేయాలనే బాండు కొన్ని రాష్ట్రాల్లో ఉంది, దాని షరతులు చదవకుండా సంతకం చేయకూడదు.

వ్యవసాయంలో నైర కళాశాల మనకు ఉండనే ఉంది. ఆసక్తికరమైన విషయమేమిటంటే, భారత వ్యవసాయ పరిశోధన మండలి కోటాలో సొంత రాష్ట్రం వెలుపలి వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చేరినవారికి నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ ఇస్తారు. రాష్ట్రం దాటినందుకు డబ్బు ఎదురిచ్చే పథకం మాకు తెలిసినంతలో ఇదొక్కటే.

ప్రశ్న: బయట డిగ్రీ చదివితే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో నాన్‌లోకల్ అయిపోతారా?

ఈ భయంతో మంచి సీట్లు వదులుకున్న వారున్నారు, కానీ ఇది ఆధారం లేని భయం. ఉద్యోగాల స్థానికతను నిర్ణయించేది 1975 నాటి వేరే రాష్ట్రపతి ఉత్తర్వు. అందులో ఉద్యోగానికి కావలసిన అర్హత పరీక్ష, మెట్రిక్యులేషన్ ఈ రెండింటిలో ఏది తక్కువ స్థాయిదో దాన్నే లెక్కలోకి తీసుకుంటారు. అంటే ఉద్యోగానికి డిగ్రీ అర్హత అయినా స్థానికతను పదో తరగతి వరకు చదివిన చదువే తేలుస్తుంది. నాలుగు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు అడిగేది ఇందుకే. పలాసలో పది పాసై ఢిల్లీలో డిగ్రీ చేసిన వ్యక్తి మన జిల్లా ఉన్న జోన్ 1లో స్థానికుడిగానే ఉంటాడు.

పైచదువుల ప్రవేశం విషయంలో మాత్రం ఇలా కాదు. పీజీ ప్రవేశానికి అర్హత పరీక్ష డిగ్రీ కనుక, వరుస నాలుగేళ్ల లెక్కలో డిగ్రీ సంవత్సరాలు వచ్చి చేరతాయి. బయట డిగ్రీ చేసి పీజీకి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తిరిగి రావాలనుకునేవారు ఈ తేడా గమనించాలి.

ప్రశ్న: ఆడపిల్లను అంత దూరం పంపవచ్చా?

మగపిల్లవాణ్ణి పంపగలిగిన చోటికి ఆడపిల్లనూ పంపవచ్చు. అడగవలసిన ప్రశ్నలు ఇద్దరికీ ఒకటే. హాస్టల్ ప్రాంగణంలోనే ఉందా, మొదటి ఏడాది విద్యార్థులకు గది ఇస్తారా, రైలు స్టేషను నుంచి ప్రాంగణానికి రాత్రివేళ చేరుకునే మార్గం ఏమిటి అన్నవి ముందే తెలుసుకోవాలి. ర్యాగింగ్ ఎదురైతే యూజీసీ వారి 1800-180-5522 నంబరు రోజంతా పనిచేస్తుంది.

ప్రశ్న: విద్యారుణం తీసుకోవలసి వస్తే తేడా ఏమైనా ఉందా?

సరిహద్దును బట్టి తేడా లేదు, సంస్థను బట్టి ఉంది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో కేంద్ర ప్రభుత్వ సంస్థలన్నీ, జాతీయ ర్యాంకుల్లో నిర్దేశించిన స్థాయిలో ఉన్న రాష్ట్ర సంస్థలు వస్తాయి. వాటిలో సీటు వచ్చినవారికి హామీదారు, తనఖా లేకుండా రుణం దొరుకుతుంది. ఏడాదికి ఎనిమిది లక్షలలోపు ఆదాయమున్న కుటుంబాలకు, నిర్దేశిత షరతులకు లోబడి, పది లక్షల వరకు రుణంపై చదువుకునే కాలంలో మూడు శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. బ్యాంకుకు వెళ్లే ముందు తాము ఎంచుకున్న సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి.

ప్రశ్న: ముందు బయటి రాష్ట్రంలో చేరి, తరువాత ఇక్కడ మంచి సీటు వస్తే మారవచ్చా? కట్టిన ఫీజు, ఇచ్చిన ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి వస్తాయా?

మారవచ్చు. యూజీసీ 2018 అక్టోబరు ప్రకటన ప్రకారం, ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకుముందు తప్పుకుంటే కొద్దిపాటి ప్రక్రియ రుసుము మినహా మొత్తం ఫీజు, ఆ 15 రోజుల లోపల తప్పుకుంటే 90 శాతం తిరిగి ఇవ్వాలి. చివరి తేదీ దాటిన 15 రోజుల వరకు 80 శాతం, 30 రోజుల వరకు 50 శాతం వస్తుంది, ఆపైన ఏమీ రాదు. కొన్ని సంవత్సరాల్లో యూజీసీ ఇంకా ఉదారమైన ప్రత్యేక గడువులు ప్రకటించింది, ఆ ఏటి ప్రకటన చూడాలి.

అదే ప్రకటన ప్రకారం సంస్థలు ఒరిజినల్ సర్టిఫికెట్లను పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదు. టీసీ మాత్రం ఒక్కటే ఉంటుంది, అది చేరిన సంస్థకే చెందుతుంది. దాన్ని వెనక్కి తీసుకోవాలంటే రాతపూర్వకంగా ప్రవేశం రద్దు చేసుకోవాలి. బయటి రాష్ట్రంలో చేరేవారిని ఇంటర్ బోర్డు మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. చేరిక తేదీ దగ్గరపడ్డాక దానికోసం పరుగులు పెట్టకుండా ఫలితాలు వచ్చిన వెంటనే దరఖాస్తు చేసుకోవాలి. టీసీ ఇచ్చే రోజున దానికి రెండు వైపులా స్పష్టమైన స్కాన్ తీసి, తల్లిదండ్రుల ఫోనులోనూ ఒకటి ఉంచాలి.